సవరణ: ఫ్లష్ ట్యాంక్ పైపుకు టెఫ్లాన్ టేపు గురించి

పాత ఫ్లష్ ట్యాంక్ కనెక్షన్ పైపు మార్చేటప్పుడు "మరలకు టెఫ్లాన్ టేపు చుట్టి గట్టిగా బిగించండి" అని ఇదివరకు రాసినదానికి ఈ సవరణ. టేపు కావాల్సింది యాంగిల్ కాక్ (గోడ దగ్గర నీళ్లు కట్టేసే చిన్న కుళాయి) గోడలోకి వెళ్లే వైపు మరలకే. కనెక్షన్ పైపు నట్టులో రబ్బరు వాషరు ఉంటుంది. నీళ్లు ఆపేది అదే, అక్కడ టేపు అక్కర్లేదు. పాత వాషరు కాక్ అంచుకు అతుక్కుపోయిందేమో మాత్రం తప్పకుండా చూడండి.

"గట్టిగా" అన్న మాట తీసేయండి. ట్యాంకు వైపు మర చాలావాటికి ప్లాస్టిక్‌దే. పానాతో బలంగా తిప్పితే చీలుతుంది, ఆ చీలిక ఒక్కోసారి వెంటనే కనిపించదు కూడా. చేత్తో బిగించాక పావు చుట్టు చాలు. చుక్క పడితే మరికాస్త. 18 అంగుళాల పైపును లాగి పెట్టాల్సి వస్తే 24 అంగుళాలది కొనండి. పాత కాక్ పూర్తిగా మూసుకోకపోతే మేడమీద ట్యాంకు వాల్వు కట్టేశాకే పైపు విప్పండి.