తిరగేసిన స్వర్గానికి తిన్నగా ఒక ఉత్తరం

చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి నెవేయా అనే పేరుకి,

జలజ ఆశీర్వదించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం. నువ్వు క్షేమమేనా అని అడగడానికే కొంచెం మొహమాటంగా ఉంది. 2010 తర్వాత అమెరికా పిల్లల పేర్ల పట్టికలో నీ ర్యాంకు దిగుతూ వస్తోందని విన్నాను. ఆ సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు మనకి పరిచయం ఎలా అయిందో చెప్తాను.

ఆరు నెలలు ఉండి వెళ్దామని అమెరికాలో మా అమ్మాయి దగ్గరికి వచ్చాను. మనవరాలు తన్వి రెండో తరగతి. ఒకరోజు బడి నుంచి వస్తూనే, "అమ్మమ్మా, శనివారం నెవేయా బర్త్‌డే, నువ్వు కూడా రావాలి" అంది. ఎవరే ఆ పిల్ల, ఆ పేరేంటే అన్నాను. "అదొక సీక్రెట్" అని నా చేతిలోని పెన్సిల్ లాక్కుని, పేపర్ అంచున ఆరు ఇంగ్లీషు అక్షరాలు పెద్దవిగా రాసింది. వాటిమీద అరచెయ్యి బోర్లించి, కుడి చివర నుంచి ఒక్కో వేలూ ఎత్తుతూ చదివింది. హెచ్. ఈ. ఏ. వీ. ఈ. ఎన్.

"హెవెన్!"

నిజం చెప్పొద్దూ, ఆ ఒక్క క్షణం నాకూ నచ్చావు. ఓసినీ, స్వర్గాన్ని తిరగేసి పిల్లకి తగిలించారా అని నవ్వుకున్నాను. పెన్సిల్ ఇంకా తన్వి చేతిలోనే ఉంది కదా, తన పేరు కూడా తిప్పి చూసుకుంది. ఇంగ్లీషులో 'ఇవ్నాట్' అని వచ్చింది. అచ్చం దగ్గుమందు పేరు. పిల్ల మొహం చిన్నబోయింది. తెలుగులో తిప్పి చూపించాను. తన్వి తిరగేస్తే న్విత. ముందు ఒక 'అ' తగిలిస్తే అన్విత, అదీ ఇప్పుడు నడుస్తున్న పేరే. కాస్త ఊరడిల్లింది.

ఆ రాత్రి నిద్ర పట్టక నీ పుట్టుపూర్వోత్తరాలు చదివాను. వంశవృక్షం వెతుకుదామంటే నీకు వేళ్ళే లేవు. గ్రీకు లేదు, హీబ్రూ లేదు, లాటిన్ లేదు. పేర్ల పుస్తకంలో 'మూలం' అనే గడి దగ్గర నీకు రాయాల్సింది ఒక్కటే: తిప్పి రాశారు.

1999లో అమెరికా మొత్తమ్మీద నిన్ను పెట్టుకున్న ఆడపిల్లలు 8 మంది. ఇక్కడి సోషల్ సెక్యూరిటీ అడ్మినిస్ట్రేషన్ అనే ప్రభుత్వ సంస్థ వాళ్ళు పిల్లల పేర్లన్నీ లెక్కగట్టి ఏటా పట్టిక వేస్తారు, 1880 నుంచీ లెక్కలున్నాయి. ఒక ఏడాదిలో ఐదుగురికన్నా తక్కువ మంది పెట్టుకున్న పేరు ఆ పట్టికలో కనిపించదు. అంటే 1999లో నువ్వు గడప మీద నిలబడ్డావన్న మాట. ఓ నలుగురు పిల్లల అమ్మానాన్నలు మనసు మార్చుకుని ఉంటే ఆ ఏడాది నువ్వు లేనట్టే లెక్క.

2000లో పి.ఓ.డి. అనే క్రైస్తవ రాక్ బృందం గాయకుడు సోనీ సాండోవల్ ఎంటీవీలో 'క్రిబ్స్' అనే కార్యక్రమంలోకి వచ్చాడు. పేరున్నవాళ్ళ ఇళ్ళు తిప్పి చూపించే కార్యక్రమం అది. కార్లేమున్నాయి, పడగ్గది ఎంత పెద్దది, ఫ్రిజ్ తలుపు తీస్తే లోపలేముంది, ఇదీ వాళ్ళ వరస. అందులో ఆయన తన చంటిపాపని చూపించి, నీ పేరు చెప్పి, హెవెన్‌ని తిరగేస్తే వచ్చిందని వివరించాడు. అంతే. 2001లో 1,191 మంది. రెండేళ్ళలో దాదాపు 150 రెట్లు. ఫ్రిజ్ చూడ్డానికి టీవీ పెట్టుకున్న జనం పేరు తీసుకుని లేచారు.

2005కి 4,457 మంది అయ్యారు, 70వ ర్యాంకు. 2010లో ఏకంగా 25వ ర్యాంకు. ఇంతకీ అసలు హెవెన్ అనే పేరు కూడా ఆ పట్టికలో ఉంది పాపం, తిన్నగా నిలబడి. దాన్ని నువ్వు ఎప్పుడో దాటేశావు. స్వర్గం కన్నా తిరగేసిన స్వర్గానికే గిరాకీ ఎక్కువ.

దీనిమీద అందరూ వేసే జోకు ఒకటి ఉంది, స్వర్గం తిరగబడితే వచ్చేది నరకమే కదా అని. నేను వెయ్యను, అది పాతబడిపోయింది. పైగా మేం తిరగేయడాన్ని తప్పుపట్టే జాతి కాదు. 'మరా మరా' అన్నవాడికి రాముడు దక్కాడని కథలు చెప్పుకుని పెరిగిన వాళ్ళం. కాళికాదేవి తిట్టబోయి 'వికటకవి' అంటే, అటు చదివినా ఇటు చదివినా ఒకటేనని రామలింగడు బిరుదుగా పుచ్చుకున్నాడు. ఆ కథ చెప్తూనే మా తెలుగు మాస్టారు క్లాసులో నన్ను లేపి నిలబెట్టారు. "జలజా, నీ పేరు బోర్డు మీద తిరగేసి రాయి." జ... ల... జ. క్లాసంతా ఓ అని అరిచింది. ఆ రోజుదాకా నాకే తెలీదు. వెంటనే కనక లేచింది, నలిన లేచింది, నయన లేచింది. లత లేచి రాస్తే తల వచ్చింది, కూర్చుంది. కవిత రాస్తే తవిక వచ్చింది. అప్పుడు దాన్ని ఏడిపించాం గానీ, ఇప్పుడు ఎవరైనా తవిక అని పేరు పెడితే "అబ్బ, ఎంత రేర్‌గా ఉందో, అర్థమేంటండీ" అనే అడుగుతారు.

కాబట్టి నా గొడవ తిప్పడం గురించి కాదు. నిన్ను పిలుస్తున్నారు, చూశావా, దాని గురించి.

పేరంటే పిలవడానికి కదే. వీధి చివర ఆడుకుంటున్న పిల్లని గుమ్మంలో నిలబడి కేకేయడానికి. నిన్ను ఎంత గట్టిగా కేకేసినా నీలోని స్వర్గం ఒక్కడి చెవిన కూడా పడదు. కాగితం తెచ్చి, రాసి, వేళ్ళు ఎత్తి చూపించాలి. హెవెన్‌లో అందరికన్నా ముందు నిలబడి ఊపిరి వదిలే ఆ 'హెచ్' ఏమైంది? నీలో చివరికి పోయి మూగబోయింది. రాస్తారు, పలకరు. అక్కడ 'ఈ', 'ఏ' కలిసి పొట్టిగా 'ఎ' అంటే, నీలో అటూ ఇటూ మారి 'ఏ' అని దీర్ఘం తీస్తున్నాయి. నోటితో హెవెన్‌ని నిజంగా వెనక్కి పలికితే 'నెవెహ్' అని ఏదో వస్తుంది, నెవేయా రాదు. అక్షరాలు మాత్రం తిరగబడ్డాయి, శబ్దం ఎక్కడిదక్కడే ఉంది. నువ్వు కంటికి పెట్టిన పేరువి, చెవికి కాదు.

మా లిపిలోకి వచ్చావంటే ఆ కాస్త మాయా పోతుంది. నె-వే-యా తిప్పితే యా-వే-నె. ఎవరో ఎవరినో యావగించుకుంటున్నట్టుంది. పోనీ నీ కిటుకు మా స్వర్గానికే చేద్దామా అని చూశాను. స్వర్గం తిప్పితే 'ర్గంస్వ', పిల్ల సంగతి దేవుడెరుగు, పిలిచేవాళ్ళ పళ్ళు రాలతాయి. దివి బాగుంటుందేమో అనుకున్నాను. తిప్పితే విది. దానికి ఒక్క ఒత్తు పెడితే విధి. పెన్సిల్ కింద పెట్టేశాను.

నీకు వేళ్ళు లేవన్నానని బాధపడకు, కట్టిన పేర్లలో నువ్వు మొదటిదానివి కాదు. 2005 పట్టికలో నీ వెనక నిలబడ్డ వనెస్సా ఉందే, అదీ కట్టిందే. 18వ శతాబ్దంలో జోనథన్ స్విఫ్ట్ అనే రచయిత తన స్నేహితురాలు ఎస్తర్ వానొమ్రీ ఇంటిపేరు ముందు ముక్క 'వాన్', ఆవిడ పేరుని ముద్దుగా 'ఎస్సా' చేసి అతికించాడు. ఇక మాడిసన్! 1984లో ఒక సినిమాలో మత్స్యకన్య న్యూయార్క్ వీధి బోర్డు చూసి ఆ పేరు పెట్టుకుంటుంది. అప్పట్లో అది జోకు, ఎందుకంటే మాడిసన్ అప్పటికి ఇంటిపేరే, చివరి 'సన్' అంటే కొడుకు. 2001కి ఆ జోకు ఆడపిల్లల పేర్లలో రెండో ర్యాంకుకి ఎక్కింది. నవ్వినవాళ్ళు మర్చిపోయారు, పిల్లలు మిగిలారు.

అయితే వాటికీ నీకూ తేడా ఉంది. వనెస్సా వెనక ఒక మనిషి ఉంది. మాడిసన్ వెనక కనీసం ఒక వీధి ఉంది. నీ వెనక ఉన్నది స్పెల్లింగు. అందుకే నీకు స్పెల్లింగే ప్రాణగండం కూడా. శనివారం ఫంక్షన్‌కి వెళ్తే ఇంకో నెవేయా వచ్చింది, పుట్టినరోజు పాప డాన్స్ క్లాస్‌మేట్. ఒకే గదిలో ఇద్దరు. నిన్ను ఎవరూ పెట్టుకోరనే కదా వాళ్ళ అమ్మలు నిన్ను ఏరుకున్నది! ఇద్దరూ పలకరించుకున్న తీరు చూడాలి, ఒకే చీర కట్టుకొచ్చిన ఇద్దరు వదినల్లా నవ్వారు. ఆ రెండో పిల్ల జాకెట్ మీద పేరు కుట్టి ఉంది. తన్వి నా కొంగు లాగి, "అమ్మమ్మా, 'ఏ' 'ఈ' కాదు, 'ఈ' 'ఏ' అని ఉంది" అని గుసగుసలాడింది. తిరగేస్తే ఏమొస్తుందో మనసులోనే చేసి చూశాను. హెచ్-ఏ-ఈ-వీ-ఈ-ఎన్. స్వర్గం అచ్చుతప్పు.

ఎవరో ఒకళ్ళు చేసిన పొరపాటనుకున్నాను. కాదు. ఆ తప్పు స్పెల్లింగు కూడా దేశంలో మొదటి వెయ్యి పేర్లలోకి ఎక్కిందట. నీకున్న ఒకే ఒక్క అర్థం అక్షరాల వరసలో ఉంటే, ఆ వరసే తప్పినా అర్థం మాత్రం స్వర్గమనే చెప్పుకుంటున్నారు. మా వైపు అర్థం లేని పేరుకి పుస్తకంలో అర్థం వెతికి పెడతారు, ఇక్కడ అర్థం ఉన్న పేరుని జాకెట్ మీద పోగొట్టుకున్నారు. ఎవర్ని ఏమనాలి?

ఇన్ని అన్నానా, నువ్వు ఇంతమందికి ఎందుకు నచ్చావో నాకు తెలీక కాదు. ఎమ్మా, ఒలివియా, ఆవా, ఇసబెల్లా రాజ్యమేలుతున్న రోజులవి. చివర్లో నోరు తెరుచుకునే పేరైతే చాలు, అందంగా ఉందనేవారు. నీకా తోక ఉంది. పైగా భక్తి ఉంది కానీ బయటికి కనపడదు. మేరీ అని పెడితే పాత చింతకాయ అంటారని భయపడ్డవాళ్ళు దేవుణ్ణి జేబులో దాచుకుని తీసుకెళ్ళడానికి నువ్వు పనికొచ్చావు. ఇవాంజెలికల్ క్రైస్తవుల ఇళ్ళలోకీ, ఆఫ్రికన్ అమెరికన్ ఇళ్ళలోకీ ఒకేసారి నడిచి వెళ్ళావు. అది అన్ని పేర్లకీ సాధ్యం కాదు, ఒప్పుకుంటాను.

ఇక నీ జారుడు సంగతి. ఎవరూ పెట్టరని నిన్ను పెట్టారు, అందరూ పెట్టారని మానేశారు. ఇలాగే ఇంకొన్నాళ్ళు దిగితే మళ్ళీ రేర్ అవుతావు, కంగారుపడకు.

అసలు చెప్పాల్సింది మర్చిపోతున్నాను. బహుమతి ప్యాకెట్ మీద ట్యాగ్ నేనే రాశాను. ఇంగ్లీషులో 'ఈ' ముందో 'ఏ' ముందో నమ్మకం లేక, ఎందుకొచ్చిన టెన్షన్ అని తెలుగులో 'నెవేయా' అని ముత్యాల్లా రాశాను. ఆ పుట్టినరోజు పాప ప్యాకెట్ అందుకుని, విప్పకుండా ముందు ట్యాగ్ చూసింది. తలకిందులుగా పట్టుకుంది. అటు తిప్పింది, ఇటు తిప్పింది. అద్దం దగ్గరికి కూడా తీసుకెళ్ళింది. అప్పుడు వెనక్కొచ్చి తన్విని అడిగింది, ఏ వైపు నుంచి చదవాలని.

ఇట్లు,
జలజ