విజిల్ వెయ్యని కుక్కరు

2024లో ఫ్రాన్స్‌లోని కాన్ చిత్రోత్సవం వాళ్లు పాయల్ కపాడియా తీసిన 'ఆల్ వి ఇమాజిన్ యాజ్ లైట్'కి అక్కడి రెండో పెద్ద బహుమతి గ్రాండ్ ప్రీ ఇచ్చేశారు. తెల్లవాళ్లు, వాళ్లకేం తెలుసు పాపం! మన తరఫున ఆస్కార్‌కి ఏ సినిమా పంపాలో తేల్చే పదముగ్గురు పెద్దలు మాత్రం ఇట్టే పట్టేశారు. ఇది ఇండియాలో జరిగే యూరప్ సినిమాలా ఉందిట, ఇండియన్ సినిమాలా లేదుట. పదముగ్గురూ మగవాళ్లే. ఆడవాళ్ల స్నేహం సంగతి ఇంతకన్నా నిష్పక్షపాతంగా ఎవరు చెప్తారు?

నిజమే మరి. ముంబయిలో ఇద్దరు మలయాళీ నర్సులు ఒకే ఇంట్లో ఉంటారు. మాటా మాటా అనుకుంటారు గానీ జుట్టూ జుట్టూ పట్టుకోరు. 'రెండు కొప్పులు ఒకచోట ఇమడవు' అన్న మన జాతీయ సిద్ధాంతం ఏం కావాలి? చాలదన్నట్టు, ఆస్పత్రి వంటావిడ మూడో కొప్పు.

అసలు ముద్దాయి కుక్కరు. ఆ నర్సుల్లో ఒకావిడ ప్రభ. పెళ్లయిన కొత్తల్లోనే జర్మనీ వెళ్లిపోయిన ఆవిడ మొగుడు ఫోను కూడా మానేశాడు. ఓ రోజు పంపినవాడి పేరు లేని పార్సిల్లో ఎర్రటి రైస్ కుక్కరు దిగింది. రాత్రిపూట ప్రభ వంటింట్లో నేలమీద కూర్చుని దాన్ని వాటేసుకుంటుంది. ఇక్కడ కమిటీ ఉలిక్కిపడి ఉంటుంది.

"విజిల్ వేసిందా?"

"లేదండీ, కరెంటుది."

"పప్పు ఉడికిందా?"

"వాటేసుకుందండీ."

"కుక్కర్నా? మొగుడి ఫొటోకి దణ్ణం పెట్టలేదూ?"

"లేదండీ."

"రాసుకోండి, యూరప్."

జగిత్యాల పల్లెల్లో, కోనసీమలో దుబాయ్ ఫోను కోసం ఏళ్లకేళ్లు ఎదురుచూసే ఆడవాళ్లు ఏ దేశస్థులండీ? ఇరవయ్యేళ్లకి పైగా కాపురమున్న చాల్ (ముంబయి ఇరుకు గదుల వరస) గదికి కాగితం లేదని బిల్డరు ఆ వంటావిడని, ఓ విధవరాల్ని, వెళ్లగొడితే, అదీ యూరప్ కథేనా? ఇంతా చేసి, దీని బదులు 'లాపతా లేడీస్'ని ఎంచుకుంటూ వీళ్లు రాసిన పత్రం మొదలయ్యేదే ఇలా: భారతీయ స్త్రీలు విధేయత, ఆధిపత్యాల వింత మిశ్రమం. మిశ్రమమట! మా అమ్మలూ అక్కచెల్లెళ్లూ ఏమన్నా బూందీ మిక్చరా, పొట్లం విప్పి ఇది ఇంత, అది ఇంత అని ఏరి చూడటానికి? సిగ్గుండాలి.

పంపిన 'లాపతా లేడీస్' మీద నాకేం కోపం లేదు. అదీ ఆడవాళ్ల కథే, ఆస్కార్ పదిహేను సినిమాల జాబితాలో చేరలేదంతే.

కమిటీకి ఓ ఎర్ర కుక్కరు పార్సిల్ చేద్దామనుకుంటున్నా. పంపినవాడి పేరు రాయను.