ముందు ఫోర్క్ దించాలా, వద్దా?

హోండా 1970లో అమెరికాలో మూడు చక్రాల ఆఫ్‌రోడ్ బండిని అమ్మకానికి పెట్టింది. ఆ యూఎస్ 90కి సస్పెన్షనే లేదు. లావుపాటి టైర్లలో కొద్దిపాటి గాలి, అదే దాని సస్పెన్షన్. 1981లో హోండా నుంచే వచ్చిన ఏటీసీ 250ఆర్ టూ స్ట్రోక్ ఇంజనుతో, ముందు చక్రాన్ని రెండు వైపులా పట్టుకుని, ఒకదానిలో ఒకటి జారే గొట్టాలున్న టెలిస్కోపిక్ ఫోర్క్‌తో ఆ బళ్లను రేసుల దాకా తీసుకెళ్లింది. ప్రమాదాలూ పెరిగాయి. 1988లో కంపెనీలు అక్కడి వినియోగదారుల భద్రతా కమిషన్‌తో ఒప్పందానికి వచ్చి కొత్తవాటి అమ్మకం ఆపేశాయి. కాబట్టి ఇప్పుడు నడిచేవన్నీ పాత బళ్లే, వాటిని సరిగ్గా సెట్ చేసుకునే బాధ్యత నడిపేవాళ్లదే. అందుకే ముందు ఫోర్క్ దించాలా వద్దా అని నేను విన్న ఈ వాదన నాకు చిన్న విషయంగా కనిపించదు.

వాదించుకునేది కాలిఫోర్నియాలో ఉంటున్న బావ, బావమరిది రవి. ఎదురుగా విప్పి పెట్టిన 1985 నాటి 250ఆర్. వెళ్లబోయేది గ్లామిస్ ఇసుక దిబ్బలకు. ఫోర్క్ కాళ్లను, అంటే ఆ గొట్టాలను, వాటిని పైన పట్టి ఉంచే క్లాంపుల్లో 15 మిల్లీమీటర్లు పైకి జరిపి ముందు భాగం దించాలని రవి పట్టు.

రవి: మలుపులో హ్యాండిల్ తిప్పితే బండి తిరగదు బావా. ముందు చక్రం జారుకుంటూ నేరుగా పోతుంది. ముందు బరువు లేకపోతే టైరుకు పట్టు ఎక్కడినుంచి వస్తుంది? దించితే బరువు ముందుకు వస్తుంది.

బావ: ఎంత వస్తుందో లెక్క వేశావా? చక్రాల మధ్య దూరం సుమారు 1.3 మీటర్లు. 15 మిల్లీమీటర్లు దించితే బండి ముందుకు వంగేది అర డిగ్రీ, ఇంకాస్త. నువ్వూ బండీ కలిసి రెండు వందల కిలోల పైన ఉన్నా, ముందు చక్రం మీద పెరిగేది ఒక కిలో, అంతే. అదే నువ్వు సీటు మీద పది సెంటీమీటర్లు ముందుకు జరుగు. ఐదారు కిలోలు పెరుగుతుంది. పానా ముట్టుకోనక్కర్లేదు.

రవి: బరువు సంగతి ఒప్పుకుంటాను. మరి ట్రెయిల్ మాటేమిటి? హ్యాండిల్ తిరిగే ఇరుసు గీత నేలను తాకే చోటుకీ, టైరు నేలను తాకే చోటుకీ మధ్య దూరం. అది తగ్గితే హ్యాండిల్ తేలికవుతుంది, మలుపులోకి బండి చప్పున దిగుతుంది. ఇది లెక్కల్లో లేదా?

బావ: ఉంది. నాలుగైదు మిల్లీమీటర్లు తగ్గుతుంది. చేతికి తెలుస్తుంది కూడా. అయితే హ్యాండిల్‌ను తిన్నగా నిలిపేది కూడా ఆ ట్రెయిలే. వేగంగా పోతూ వరుస గుంతల్లో పడితే, తగ్గించుకున్న ట్రెయిల్ వల్ల హ్యాండిల్ అటూ ఇటూ కొట్టుకోవచ్చు. దిబ్బల మధ్య ఆ గుంతలకు కొదవ లేదు.

రవి: బైకుల మీద అందరూ చేసేదే కదా ఇది. మోటోక్రాస్ వాళ్లు ట్రాకును బట్టి ఫోర్క్ ఎత్తు మారుస్తూనే ఉంటారు.

బావ: అక్కడే నాకూ నీకూ తేడా. బైకు మలుపులో వాలుతుంది. వాలుతుంది కాబట్టి నేల నుంచి వచ్చే ఒత్తిడి చాలావరకు ఫోర్క్ నిలువునా పైకి వెళ్తుంది, స్ప్రింగ్ దాన్ని తీసుకుంటుంది. ఈ బండి వాలదు. అదే ఒత్తిడి ఫోర్క్‌ను పక్కకు నెడుతుంది. గొట్టాలు రవ్వంత వంగుతాయి, లోపల గొట్టాలు జారడానికి ఆనే బుష్‌లు పట్టేస్తాయి. నీకు సస్పెన్షన్ బాగా అవసరమైన చోట, మలుపు మధ్యలోనే, ఫోర్క్ బిగుసుకుంటుంది. చిన్న గతుకు తగిలినా టైరు ఎగిరిపడుతుంది. నువ్వు పట్టు లేదంటున్నావే, దానికి ఇదీ ఒక కారణం. ఎత్తు మార్చినంత మాత్రాన ఇది పోదు.

(ఇద్దరి మాటల్లో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచింది ఇదే. మూడు చక్రాల బండి ఫోర్క్‌ను బైకు ఫోర్క్‌గా చూడటం దగ్గరే చాలామంది లెక్క తప్పుతుంది.)

రవి: అయితే రెండు కాళ్లనూ కలిపే బ్రేస్ బిగిద్దాం.

బావ: బిగిద్దాం, మంచిదే. దానికంటే ముందు కాళ్లు ఒకదానికొకటి సమాంతరంగా ఉన్నాయా చూడాలి. ముందు చక్రం ఇరుసును పట్టే నట్లు వదులు చేసి, ముందు బ్రేక్ పట్టి ఫోర్క్‌ను నాలుగైదుసార్లు గట్టిగా కిందికి నొక్కు. కాళ్లు వాటి దారిన అవి సర్దుకుంటాయి. అప్పుడు బిగించు. ఇందాక నేను నొక్కి చూశాను. కిందికి వెళ్లింది, పైకి వచ్చేటప్పుడు మధ్యలో ఆగి కదిలింది. అలా ఆగే ఫోర్క్‌కు నువ్వు ఎంత ఖరీదైన స్ప్రింగులు వేసినా దండగ.

రవి: సరే, సర్దుదాం. కానీ బ్రేక్ వేస్తే ముందుకు ఇలా మునిగితే భయంగా ఉంటుంది బావా. ముందు ఒకటే చక్రం. మలుపులో బ్రేక్ పడితే బరువు ఆ సన్నటి కొసవైపు పోతుంది, బండి పక్కకు దొర్లుతుంది. కనీసం గట్టి స్ప్రింగులైనా వేయాలి.

బావ: మునగడం తగ్గుతుంది. కానీ బరువు ముందుకు పోవడం స్ప్రింగ్ వల్ల తగ్గదు. అది బరువు ఎంత ఎత్తులో ఉంది, చక్రాల మధ్య దూరం ఎంత అన్నదాన్ని బట్టే ఉంటుంది. గట్టి స్ప్రింగ్ వేశాను కదా అని మలుపులో బ్రేక్ నొక్కితే అదే ప్రమాదం. బ్రేక్ పని మలుపుకు ముందే అయిపోవాలి.

రవి: మునిగినప్పుడు ట్రెయిల్ కూడా తగ్గుతుందని మీరే ఒప్పుకోవాలి. నేను దించితే తగ్గే నాలుగైదు మిల్లీమీటర్లకు మీరు ఇంత గొడవ చేస్తున్నారు. మెత్తటి ఫోర్క్ బ్రేక్ వేసిన ప్రతిసారీ అంతకంటే ఎక్కువే తగ్గిస్తుంది!

బావ: (కాసేపు ఆగి) అది నిజం. స్ప్రింగులు అలసిపోయాయి, నీ బరువుకు చాలవు. నువ్వు ఎక్కి కూర్చుంటే ఫోర్క్ మొత్తం ప్రయాణంలో నాలుగో వంతు, మహా అయితే మూడో వంతు దిగాలి. ఇది సగం దాకా పోతోంది. స్ప్రింగులు మారుద్దాం. ఫోర్క్ పైమూతల్లోంచి లోపలికి గాలి ఎక్కించి మాత్రం సరిపెట్టొద్దు. గాలి పెరిగితే ఆయిల్ కారకుండా ఆపే సీళ్లు బిగుస్తాయి, ఎండకు వేడెక్కిన కొద్దీ ఒత్తిడి పెరుగుతుంది, పొద్దున ఉన్న బండి మధ్యాహ్నానికి ఉండదు. ఫోర్క్ చివరిదాకా దిగి కొట్టుకోకుండా ఉండాలంటే దాని లోపలి ఆయిల్ మట్టం కాస్త పెంచు. పైన గాలికి చోటు తగ్గి ఆఖరి భాగమే గట్టిపడుతుంది, మొదట్లో మెత్తదనం అలాగే ఉంటుంది.

రవి: స్ప్రింగులు మారిస్తే ముందు భాగం ఇప్పటికంటే పైకి లేస్తుంది. అప్పుడైనా దించాలి కదా?

బావ: లేచి అది ఉండాల్సిన చోటికి వస్తుంది. నువ్వు అలవాటు పడ్డది కుంగిపోయిన బండికి. ఇంకో మాట. మలుపులో రెండు చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ వెనక ఇరుసుకు లేదు. రెండు చక్రాలూ ఒకే వేగంతో తిరుగుతూ బండిని ముందుకే తోస్తాయి. లోపలి చక్రం కాస్త జారితేనే బండి తిరుగుతుంది. ఒంటిని లోపలికి, ముందుకు వంచి, బయటివైపు కాలు పెట్టే ఫుట్‌పెగ్ మీద బరువు వేయి. ఇది చేయకుండా ఫోర్క్‌తో ఎంత కుస్తీ పట్టినా నేరుగానే పోతుంది.

రవి: అది నేను చేస్తూనే ఉన్నాను బావా. గట్టి నేల మీద చదునైన రేసు బాటలో, అదే ఫ్లాట్ ట్రాక్‌లో దించిన బండి ఎంత చక్కగా తిరుగుతుందో నడిపి చూశాను, కాబట్టే అడుగుతున్నా.

బావ: గట్టి నేల మీద నువ్వు చెప్పిందే సరి. అక్కడ గుంతలు తక్కువ, మలుపులే ఎక్కువ, దించితే లాభం. ఇసుకలో ముందు చక్రం తేలుతూ పోవాలి. ముక్కు దిగితే చక్రం తవ్వుకుంటుంది, హ్యాండిల్ చేతుల్లోంచి లాక్కుంటుంది.

రవి: సరే, గ్లామిస్‌కు కంపెనీ ఎత్తే. ఫ్లాట్ ట్రాక్‌కు వెళ్లేముందు మాత్రం 15 మిల్లీమీటర్లు దించుతాను, అప్పుడు అడ్డు చెప్పొద్దు.

బావ: చెప్పను. కాకపోతే ఆ రోజు స్ప్రింగులు రెండూ బయటికి తీసి, ఫోర్క్‌ను చివరిదాకా నొక్కి చూపించు. కాళ్లు పైకి జరిపినంత మేర టైరుకూ కింది క్లాంపుకూ మధ్య సందు తగ్గుతుంది. పెద్ద గెంతు మీంచి దిగినప్పుడు టైరు దానికి రాసుకుంటే చక్రం అక్కడే ఆగిపోతుంది, నువ్వు హ్యాండిల్ మీంచి ఎగిరిపోతావు. సందు మిగిలితే దించు, లేకపోతే పది దగ్గర ఆగు.

రవి: రేపే నొక్కి చూద్దాం. స్ప్రింగులు ఎలాగూ తీస్తున్నాం కదా.