రేవుల సంఖ్య చూసి చిన్న ఓడ ఎక్కకండి

"ఏడు రాత్రులు, ఏడు రేవులు, నడిసముద్రంలో వృథా అయ్యే రోజు ఒక్కటీ లేదు" అంటూ చిన్న ఓడల క్రూజ్‌లను అమ్మే ధోరణి మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. చిన్న ఓడకు మనం ఎక్కువ డబ్బు కట్టేది అది ఎక్కడ ఆగగలదో, ఎంతసేపు ఆగగలదో చూసి. ఎన్ని చోట్ల ఆగుతుందన్నది ఆ తరువాతి మాట.

ఎక్కడ ఆగుతుందన్న విషయంలో చిన్న ఓడకు నిజంగానే సాటి లేదు. పెద్ద ఓడల కార్యక్రమంలో రోమ్ అని ఉంటే దిగేది చివిటావెక్కియాలో, పారిస్ అని ఉంటే దాదాపు 200 కిలోమీటర్ల దూరంలోని ల హావ్ర్‌లో. ఆ రోజులో సగం బస్సుకే అర్పణం. చిన్న ఓడ స్పెయిన్‌లోని గ్వాడల్‌క్వివిర్ నదిలో దాదాపు 80 కిలోమీటర్లు ఎగువకు వెళ్లి సెవిల్ నగరంలోనే దింపుతుంది. నిలువు రాతి గోడల మధ్య 6 కిలోమీటర్లు సాగే గ్రీసులోని కోరింత్ కాలువ అడుగున 21 మీటర్ల వెడల్పే ఉంటుంది కనుక నేటి భారీ క్రూజ్ ఓడలు అందులోకి రాలేవు. వెనిస్‌లో 2021 ఆగస్టు నుంచి 25,000 టన్నులు దాటిన ఓడలకు జూదెక్కా కాలువలో ప్రవేశమే లేదు. అంటార్కిటికా యాత్రలు నడిపే సంస్థల నియమాల ప్రకారం 500 మందికి మించిన ప్రయాణికులున్న ఓడ ఎవరినీ ఒడ్డున దింపకూడదు, ఒక చోట ఒకేసారి 100 మందికి మించి ఉండకూడదు. అంటే 400 మందితో వెళ్లిన ఓడలో వంతుల కోసం ఎదురుచూడక తప్పదు.

ఇంత వెసులుబాటు ఉన్న ఓడను రోజుకో రేవు చొప్పున పరుగెత్తిస్తే దాని సుగుణమంతా మట్టిపాలవుతుంది. కార్యక్రమంలో ఉదయం ఎనిమిది నుంచి సాయంత్రం ఐదు వరకు అని ఉంటే అవి తొమ్మిది గంటలు కావు. స్థానిక అధికారుల అనుమతి వచ్చేదాకా ఎవరూ దిగరు. సాధారణంగా బయలుదేరడానికి అరగంట ముందే అందరూ ఓడలో ఉండాలి. ఓడ లంగరు వేసి టెండర్ పడవల్లో ఒడ్డుకు చేర్చే చోట మరికొంత సమయం పోతుంది. గ్రీసు దీవి శాంటోరినిలో పాత రేవు నుంచి ఫిరా పట్టణానికి ఎక్కాలంటే కేబుల్ కారైనా ఉండాలి, 580కి పైగా మెట్లైనా ఎక్కాలి. అదే రోజు రెండు మూడు భారీ ఓడలు వచ్చాయంటే, మీ ఓడలో వంద మందే ఉన్నా మీరు నిలబడేది వేలమంది ఉన్న వరుసలోనే. ఆ ఓడలు వెళ్లిపోయాక, దీపాలు వెలిగే వేళ ఊళ్లో తిరగడమే కదా చిన్న ఓడ ఇవ్వగల అసలు సుఖం? మరుసటి రేవును తెల్లవారేసరికి అందుకోవాలని ఈ ఓడ కూడా ఐదింటికే లంగరు ఎత్తితే, అదనంగా చెల్లించిన సొమ్ము దేనికోసమో నాకు అర్థం కాదు.

నార్వేలో బెర్గెన్ నుంచి కిర్కెనెస్ దాకా 34 రేవుల్లో ఆగుతూ వెళ్లే ఓడలు లేవా అని ఎవరైనా అడగవచ్చు. ఉన్నాయి, నాకు వాటి మీద గౌరవమూ ఉంది. అయితే 1893లో మొదలైన ఆ మార్గం తీర గ్రామాలకు ఉత్తరాలు, సరుకులు చేరవేయడానికి పుట్టినది. కొన్ని చోట్ల పావుగంట మాత్రమే ఆగుతుందని ముందే చెబుతారు, ఎక్కే యాత్రికులు కూడా తీరాన్ని చూడటానికే ఎక్కుతారు.

కిక్కిరిసిన కార్యక్రమంలో మరో చిక్కు గాలి. చిన్న ఓడ అలలకు ఎక్కువగా ఊగుతుంది, చిన్న రేవుల్లో ఆశ్రయమూ తక్కువే. ఉదయం గాలి ఎక్కువగా ఉంటే, తీరిక ఉన్న కెప్టెన్ మధ్యాహ్నం దాకా ఆగి చూస్తాడు. రేపటి రేవు మెడ మీద కత్తిలా వేలాడుతున్నవాడు ఆనాటి రేవును వదిలేసి ముందుకు సాగుతాడు. టికెట్ ఒప్పందాలు సాధారణంగా ఆ అధికారాన్ని అతనికే ఇస్తాయి, ప్రయాణికుడికి తిరిగి వచ్చేది చాలావరకు ఆ రేవు పన్ను మాత్రమే. అందుకే డబ్బు కట్టేముందు ప్రతి రేవులో రాక, పోక వేళలు, గట్టుకు కడతారా లంగరు వేస్తారా, ఎన్ని సాయంత్రాలు ఒడ్డున గడపవచ్చు అన్నవి రాతపూర్వకంగా అడగండి. ఏడు రేవుల కార్యక్రమం కన్నా, రెండు చోట్ల రాత్రి కూడా ఆగే ఐదు రేవుల కార్యక్రమం ఖరీదు ఎక్కువైనా నేను రెండోదే ఎంచుకుంటాను.