గోదావరి లోయ ఫాల్ట్ పటాలు: గీతతో పాటు దాని నమ్మకాన్నీ చూపించాలి

2024 డిసెంబర్ 4 ఉదయం 7.27కి ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూకంపం వచ్చింది. వరంగల్, ఖమ్మం మొదలుకొని హైదరాబాద్, విజయవాడ దాకా ఆ కుదుపు తెలిసింది. అప్పటి నుంచి చాలామందిని ఒక ప్రశ్న వదలడం లేదు: మా ఊరి కింద ఫాల్ట్ ఉందా? దీనికి జవాబు ఇప్పుడు ఫోన్‌లోనే దొరుకుతుందని అనిపిస్తుంది. గోదావరి వెంట ఎర్ర గీతలున్న పటం ఏదో ఒకటి వాట్సాప్‌లో వస్తుంది. వేళ్లతో దాన్ని పెద్దది చేసి, తమ కాలనీ గీతకు ఇటుందా అటుందా అని చూసుకుంటారు. కొందరు టెన్షన్ పడతారు, కొందరు హమ్మయ్య అనుకుంటారు. ఆ భయానికీ ఈ ధీమాకూ కూడా ఆ గీతలో ఆధారం లేదు. ఎందుకు లేదో తెలియాలంటే ఆ గీత కంప్యూటర్లోకి ఎలా ఎక్కిందో చూడాలి.

భూమి లోపలి రాయి పగిలి, పగులుకు ఒక పక్కనున్న భాగం రెండో పక్కతో పోలిస్తే జరిగి ఉంటే దాన్ని ఫాల్ట్ అంటారు. పాఠ్యపుస్తకాల్లో భ్రంశం అని చదువుకున్నది ఇదే. ప్రాణహిత, గోదావరి లోయ మొత్తం ఇలాంటి ఫాల్టుల మధ్య కుంగిన నేల. వాయవ్యం నుంచి ఆగ్నేయానికి పొడవుగా సాగే ఈ పల్లంలో కోట్ల ఏళ్ల పాటు ఇసుక, బురద, చెట్టూచేమా పేరుకుని గోండ్వానా అని పిలిచే పొరల రాళ్లయ్యాయి, బొగ్గయ్యాయి. నేల కుంగింది కాబట్టే ఆ బొగ్గు కొట్టుకుపోకుండా మిగిలింది. 1871లో జియోలాజికల్ సర్వేకు చెందిన విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు కనుగొన్న నాటి నుంచి సింగరేణి కథ అంతా ఈ ఫాల్టులతోనే ముడిపడి ఉంది. గనిలో పొర ఉన్నట్టుండి తెగిపోతే, అది పైకి జరిగిందా కిందికి జరిగిందా అని వెతకడం అక్కడి జియాలజిస్టుకు రోజువారీ పని.

జనం చేతికి వచ్చే పటాల్లో చాలా గీతలకు మూలం వేరు. జియోలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా (జీఎస్ఐ) 2000లో భారతదేశానికి, చుట్టుపక్కల ప్రాంతాలకు సీస్మోటెక్టానిక్ అట్లాస్, అంటే ఫాల్టులనూ భూకంపాలనూ కలిపి చూపే పటాల సంపుటి, వేసింది. నాలుగు డిగ్రీల రేఖాంశం, మూడు డిగ్రీల అక్షాంశం మేర ఒక్కో షీటు చొప్పున 40కి పైగా షీట్లున్న గొప్ప పని అది. కడెం ఫాల్ట్, కిన్నెరసాని-గోదావరి ఫాల్ట్, కొల్లేరు ఫాల్ట్, ఒంగోలు ప్రాంతంలో గుండ్లకమ్మ ఫాల్ట్ అని మనం వినే పేర్లు అందులో ఉన్నాయి. పరిశోధకులు దశాబ్దాలుగా ఆ షీట్లను స్కాన్ చేసి, క్యూజీఐఎస్ లాంటి మ్యాపింగ్ సాఫ్ట్‌వేర్లో పెట్టి, గీతల మీద మౌస్‌తో మళ్లీ గీతలు గీసి వాడుకుంటున్నారు.

ఆ అట్లాస్ స్కేల్ పది లక్షలకు ఒకటి. అంటే కాగితం మీద ఒక మిల్లీమీటరు నేల మీద ఒక కిలోమీటరు. అర మిల్లీమీటరు మందం ఉన్న గీత నేల మీద అర కిలోమీటరు వెడల్పు పట్టీ అవుతుంది. కాగితం చేతిలో ఉన్నప్పుడు ఈ సంగతి ఎవరికీ చెప్పక్కర్లేదు. ఆ షీటు మీద వీధులే ఉండవు కాబట్టి అందులో తన ఇల్లు వెతకాలని ఎవరికీ తోచదు. కంప్యూటర్లో అలా కాదు. ఎంత జూమ్ చేసినా గీత సన్నగానే, పదునుగానే ఉంటుంది. దాని కింద ఉపగ్రహ చిత్రం పెడితే మన మేడ మీది నీళ్ల ట్యాంకు కూడా కనిపిస్తుంది. కిలోమీటరు అటూ ఇటూ ఉండగల గీత, కొద్ది మీటర్ల తేడా మాత్రమే ఉండే చిత్రం పక్కపక్కనే కూర్చుని రెండూ ఒకే నాణ్యత అన్నట్టు కనిపిస్తాయి. డిజిటల్ పటాల్లో నాకు అన్నిటికన్నా ప్రమాదంగా తోచేది ఇదే.

దీని మీద మరికొన్ని తేడాలు చేరతాయి. మన పాత టోపోషీట్లు, అంటే సర్వే పటాలు, భూమి ఆకారానికి అప్పట్లో వాడిన ఎవరెస్ట్ గోళాకృతి లెక్కతో తయారైనవి. ఇవాళ్టి జీపీఎస్ డబ్ల్యూజీఎస్-84 అనే వేరే లెక్కతో నడుస్తుంది. ఈ మార్పును సరిగా చేయకుండా పటాన్ని అతికిస్తే అందులోని ప్రతి గీతా వంద మీటర్లకు మించి పక్కకు జరుగుతుంది. స్కాన్‌లో కాగితం ముడత, గీతలను కంప్యూటర్లోకి ఎక్కించిన (డిజిటైజ్ చేసిన) మనిషి చేతి వణుకు సరేసరి. ఇన్ని చేతులు మారి వచ్చిన ఫైల్‌లో చివరికి మిగిలేది ఒక గీత, దాని పక్కన ఒక పేరు. ఎవరు చూశారు, పొలంలో చూశారా ఉపగ్రహ చిత్రంలో చూశారా, ఏ ఏడు, ఏ స్కేల్ అన్నవన్నీ దారిలో రాలిపోతాయి.

ఉపగ్రహ చిత్రం సంగతీ చూద్దాం. నేల ఎత్తుపల్లాల డేటా ఇప్పుడు ఎవరికైనా ఉచితంగా దొరుకుతుంది. 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ షటిల్ సేకరించిన ఎస్ఆర్‌టీఎం డేటా ఉంది. మన కార్టోశాట్-1 నుంచి తయారైన కార్టోడెమ్‌ను ఇస్రో భువన్ పోర్టల్ నుంచి దించుకోవచ్చు. దాని మీద కృత్రిమంగా ఎండ పడేలా చేసి, నీడల్లో కనిపించే తిన్నని అంచులను గుర్తిస్తారు. ఇక్కడ మన లోయకు ప్రత్యేకంగా వర్తించే చిక్కు ఒకటుంది. చాలా సాఫ్ట్‌వేర్లలో ఆ ఎండ వాయవ్యం నుంచి పడేలా ముందే పెట్టి ఉంటుంది. గోదావరి లోయ ముఖ్య ఫాల్టుల దిశ కూడా వాయవ్యం నుంచి ఆగ్నేయానికే. వెలుగుకు సమాంతరంగా ఉన్న అంచుకు నీడ పడదు, కాబట్టి అది కనిపించదు. దిశ మార్చకుండా పటం చేసిన విద్యార్థికి లోయను అడ్డంగా కోసే గీతలు బోలెడు దొరుకుతాయి, లోయను తయారు చేసిన గీతలు మాత్రం చిక్కవు. నాలుగైదు దిశల నుంచి వెలుగు వేసి చూస్తే పోయే సమస్య ఇది. కానీ అలా చూశారా లేదా అన్నది పటం చెప్పదు.

తిన్నగా కనిపించిందల్లా ఫాల్ట్ కాదు కూడా. నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు గ్రానైట్‌ను చీల్చుకుని వచ్చిన డోలరైట్ డైకులు, అంటే నల్లరాతి గోడలు, మైళ్ల కొద్దీ తిన్నగా సాగుతాయి. పాత కాలువ, రైలు కట్ట, అడవి సరిహద్దు కూడా ఉపగ్రహ చిత్రంలో గీతల్లాగే ఉంటాయి. వీటన్నిటికీ కలిపి లీనియమెంట్ అని పేరు. అది ఇక్కడేదో ఉందన్న అనుమానం మాత్రమే. నేల మీదికి వెళ్లి నలిగిన రాయి, ఒరిపిడికి నునుపు తేలిన పగులు ముఖం, తెగి జరిగిన పొర కనిపిస్తేనే అది ఫాల్ట్. పోర్టళ్ల నుంచి దించి కలిపేసిన లేయర్లలో (పటం మీద పరిచే డేటా పొరల్లో) ఈ రెండూ ఒకే రంగులో ఉండడం తరచూ కనిపిస్తుంది.

గీత లేనిచోట భయం లేదనుకోవడం ఇంకా పెద్ద పొరపాటు. 1993 సెప్టెంబర్ 30 తెల్లవారుజామున మహారాష్ట్రలోని కిల్లారి దగ్గర 6.2 తీవ్రతతో భూకంపం వచ్చి పది వేల మంది దాకా చనిపోయారు. అప్పటి భూకంప ప్రమాద పటంలో ఆ ప్రాంతం అన్నిటికన్నా తక్కువ ప్రమాదమున్న జోన్ 1లో ఉంది. ఫలానా ఫాల్ట్ అని చూపించడానికి పైన ఏమీ లేదు, ఉన్నదంతా దక్కన్ బసాల్ట్ (లావా రాయి) కింద కప్పబడి ఉంది. 2002లో ప్రమాణాలను సవరించినప్పుడు జోన్ 1 అన్నదే తీసేసి జోన్ 2లో కలిపారు.

ములుగు భూకంపం దగ్గరికి వద్దాం. నేషనల్ సెంటర్ ఫర్ సీస్మాలజీ దాని లోతు 40 కిలోమీటర్లని చెప్పింది. పటం మీద ఒక చుక్క, పక్కన ఒక ఫాల్ట్ గీత చూసి ఇదే కారణమని చెప్పేయడం సులువు. కానీ ఫాల్ట్ చాలాసార్లు నిట్టనిలువుగా ఉండదు, వాలి ఉంటుంది. 60 డిగ్రీల వాలుతో అంత లోతు దాకా తిన్నగా వెళ్తుందనుకుంటే, పైన గీత ఉన్నచోటికీ కింద ఆ ఫాల్ట్ ఉన్నచోటికీ 23 కిలోమీటర్ల దూరం ఉంటుంది. అసలు అంత లోతుకు అది వెళ్తుందా అన్నది మరో ప్రశ్న. అందుకని వాలు ఎంత, ఏ వైపు అన్న సమాచారం లేని గీతతో భూకంపానికి సంబంధం కలపలేం. మన చేతికి వచ్చే ఫైళ్లలో ఆ గడి చాలాసార్లు ఖాళీగా ఉంటుంది.

ఇంత అనుమానం ఉన్నప్పుడు ఈ పటాలెందుకని ఎవరైనా అడగవచ్చు. కావాలి, చాలా కావాలి. ఇల్లు కట్టుకునేవారికి కన్నా ఆనకట్టలు, విద్యుత్ కేంద్రాలు కట్టేవారికి ఇంకా ఎక్కువ కావాలి. ఒక ప్రాంతంలో గరిష్ఠంగా ఎంత భూకంపం రావచ్చో అంచనా వేయడానికి ఫాల్ట్ పొడవు ఒక ముఖ్య ఆధారం. 1994 నుంచి ప్రపంచమంతా వాడుతున్న వెల్స్, కాపర్‌స్మిత్ అనే శాస్త్రవేత్తల సూత్రం ప్రకారం 30 కిలోమీటర్ల పగులుకు సుమారు 6.8 తీవ్రత వస్తే, 60 కిలోమీటర్లకు సుమారు 7.1 వస్తుంది. ఆ తేడాకు విడుదలయ్యే శక్తి మూడు రెట్లు. ఇప్పుడు డిజిటైజ్ చేసేవారు పక్కపక్కన ఉన్న రెండు 30 కిలోమీటర్ల ముక్కలను చూడ్డానికి బాగుంటుందని ఒకే గీతగా కలిపేశారనుకోండి. ఆ ఒక్క క్లిక్కు ఇంజనీరు లెక్కలోకి, అక్కడి నుంచి కాంక్రీటు ఖర్చులోకి వెళ్తుంది. ఒక గీతను అనవసరంగా రెండు ముక్కలు చేస్తే అపాయం అటువైపు: ముప్పు తక్కువగా లెక్క తేలుతుంది. ఇలాంటి నిర్ణయం ఎవరు ఏ ఆధారంతో తీసుకున్నారో రాసి ఉండాలని నేను పట్టుబట్టేది అందుకే.

అమెరికా జియోలాజికల్ సర్వే పెట్టిన క్వాటర్నరీ ఫాల్ట్ డేటాబేస్‌ను (భూచరిత్రలో ఇటీవలి కాలంలో కదిలిన ఫాల్టుల జాబితాను) గూగుల్ ఎర్త్‌లో తెరిస్తే ఈ జాగ్రత్త కనిపిస్తుంది. బాగా తెలిసిన చోట నిండు గీత, అంత ఖాయం కానిచోట తెంపుల గీత, ఊహించిన చోట చుక్కల గీత. చివరిసారి కదిలింది గత 150 ఏళ్లలోనా, 15 వేల ఏళ్లలోనా, లక్షా 30 వేల ఏళ్లలోనా అన్నదాన్ని బట్టి రంగు. కాలిఫోర్నియాలో 1972 నాటి ఆల్‌క్విస్ట్-ప్రియోలో చట్టం ఇంకో అడుగు ముందుకేసింది. ఫ్రీమాంట్‌లో ఇల్లు కొనే మన తెలుగువాళ్లకు ఇది అనుభవమే: హేవర్డ్ ఫాల్ట్ ఆ ఊరి గుండా పోతుంది, ఇల్లు ఫాల్ట్ జోన్‌లో ఉంటే అమ్మేవారు ఆ సంగతి కాగితం మీద చెప్పి తీరాలి. అక్కడ చట్టం వాడే పటాల స్కేల్ 24 వేలకు ఒకటి, అంటే మిల్లీమీటరుకు 24 మీటర్లు. అయినా ఆ గీతను అలాగే నమ్మరు. జోన్‌లో కొత్తగా కట్టాలంటే జియాలజిస్టు పరిశీలించి ఫాల్ట్ ఎక్కడుందో తేల్చాలి, చాలాసార్లు అందుకు కందకం తవ్వి చూస్తారు. మిల్లీమీటరుకు కిలోమీటరు ఉన్న గీతను పట్టుకుని మనం వాట్సాప్‌లో తీర్పులు ఇచ్చుకుంటున్నాం.

ఆ చట్టాన్ని ఇక్కడికి ఎత్తుకురావాలని నేను అనడం లేదు. మన లోయలో కదలిక చాలా నెమ్మది. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో వచ్చాక మళ్లీ ఐదు దాటింది 55 ఏళ్లకు. ఇక్కడ ఇంటికి ముప్పు నేల చీలడం వల్ల కన్నా ఊగడం వల్లే ఎక్కువ. ఆ ఊపు గీతకు పది కిలోమీటర్ల దూరంలో ఉన్న మెత్తటి ఒండ్రు మట్టి మీద, గీత పక్కనే ఉన్న గట్టి రాయి మీద కన్నా ఎక్కువగా ఉండొచ్చు. 2002 పటం ప్రకారం జోన్ 3లో ఉన్న విజయవాడలో, ఖమ్మంలో అపార్ట్‌మెంట్ కొనేవారు అడగాల్సింది పిల్లర్లు భూకంపాన్ని తట్టుకునే నిర్మాణాలకున్న ఐఎస్ 1893 ప్రమాణం ప్రకారం లెక్కగట్టారా, కింద మట్టి పరీక్ష జరిగిందా అని. గీత ఎంత దూరం అన్న ప్రశ్న దాని తర్వాతే.

మన దగ్గర సరుకు లేక కాదు. భూగర్భ పటాలు దొరికే జీఎస్ఐ భూకోశ్ పోర్టల్ ఉంది, 2023 డిసెంబర్‌లో మొదలైన నేషనల్ జియోసైన్స్ డేటా రిపాజిటరీ ఉంది. 2021 ఫిబ్రవరిలో కేంద్రం పటాల మీద పాత ఆంక్షలు చాలా వరకు ఎత్తేసింది. భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ హైదరాబాద్‌లోనే ఉంది, భువన్‌ను నడిపే ఇస్రో కేంద్రం ఎన్‌ఆర్‌ఎస్‌సీ కూడా ఇక్కడే. అన్నిటికన్నా విలువైనది సింగరేణి దగ్గరుంది. బొగ్గు కోసం దశాబ్దాలుగా వేసిన బోర్లలో ఏ పొర ఎంత లోతున తెగి ఎంత జరిగిందో ఉంటుంది. ఉపగ్రహ చిత్రంలో చూసి గీసిన గీతకూ దీనికీ పోలికే లేదు. నీటిపారుదల శాఖలు ఆనకట్టల పునాదుల కోసం చేసిన పరీక్షలు, భూగర్భజల శాఖ బోర్లు, మణుగూరు దగ్గర పగిడేరులో వేడి నీళ్లు ఉబికే బోర్ల వివరాలు ఒక్కోటీ ఒక్కో ఆఫీసులో ఉన్నాయి. బొగ్గు నిల్వల లెక్క రహస్యంగా ఉంచుకోవడంలో సంస్థకు కారణాలుండొచ్చు. ఫాల్ట్ ఎక్కడుంది, ఎంత జరిగింది, ఎటు వాలింది అన్న మూడు సంగతులు ఇవ్వడానికి నిల్వల లెక్క బయటపెట్టాల్సిన పనిలేదు.

రెండు తెలుగు రాష్ట్రాలు కలిసి ఈ లోయకు 50 వేలకు ఒకటి స్కేల్‌లో ఒకే ఫాల్ట్ లేయర్ తయారు చేయించాలి. ప్రతి గీతకూ మూలం, స్కేల్, ఏడాది, చూసిన పద్ధతి, వాలు రాసి ఉండాలి. తెలియని గడిలో తెలియదు అని రాయాలి, ఖాళీ వదలకూడదు. పది లక్షల స్కేల్ పటం నుంచి వచ్చినదాన్ని గీతగా కాక కిలోమీటరు వెడల్పు పట్టీగా చూపించాలి, ఒక హద్దు దాటి జూమ్ చేస్తే అది తెర మీద నుంచి మాయమవ్వాలి. ఈ రెండూ క్యూజీఐఎస్‌లో ఇప్పుడే ఉన్న సదుపాయాలు, పైసా ఖర్చు లేదు. ఖర్చయ్యేది నేల మీద నడకకు. ఉస్మానియా, కాకతీయ, ఆంధ్ర యూనివర్సిటీల జియాలజీ విద్యార్థులకు ప్రాజెక్టు కింద తలా ఒక గీత అప్పగించి, అది ఫాల్టా, డైకా, కాలువా తేల్చుకు రమ్మని పంపవచ్చు. మొదలుపెట్టాల్సింది ఏటూరునాగారం నుంచి భద్రాచలం దాకా ఉన్న మేర. 1969, 2024 భూకంపాలు రెండూ వచ్చింది ఆ చుట్టుపక్కలే. దట్టమైన అడవి వల్ల ఉపగ్రహ చిత్రాల్లో నేల సరిగా కనిపించనిదీ అక్కడే.