రేసుకు పనికిరాని సైకిలే కొనండి

వారమంతా ఆఫీసుకు, ఆదివారం మట్టిరోడ్ల మీద తిరగడానికి, సెలవులు కలిసొస్తే రెండు జతల బట్టలు సర్దుకుని అనంతగిరికో శ్రీశైలానికో వెళ్లడానికి ఒకే సైకిలు కావాలి. బురద పోటీల కోసం పుట్టిన సైక్లోక్రాస్ బైకుల్లో ఏది తీసుకోవాలి? హైదరాబాద్‌లో సైకిలు తొక్కేవాళ్లు నలుగురు చేరితే ఈ ప్రశ్న రాకుండా ఉండదు. ఒకరు కార్బన్ అంటారు, ఇంకొకరు స్టీలు అంటారు. బరువు, బ్రాండు దగ్గరే గంటలు గడిచిపోతాయి. అసలు చూడాల్సింది అది కాదు. ఫ్రేము మీద క్యారియర్, మడ్‌గార్డు బిగించడానికి రంధ్రాలు ఉన్నాయా? టైరు చుట్టూ ఖాళీ ఎంత ఉంది? గేరు ఎంత తేలిక వరకు దిగుతుంది? ఈ మూడూ చూసి కొంటే చాలామటుకు రేసుకు పనికిరాని సైకిలే ఇంటికొస్తుంది. దాన్నే తెచ్చుకోవాలి.

రేసు సైక్లోక్రాస్ దేనికోసం పుట్టిందో గుర్తుంచుకుంటే విషయం తేలిపోతుంది. బెల్జియం, నెదర్లాండ్స్‌లో చలికాలం బురదలో గంట సేపు సాగే పోటీ అది. అడ్డంకి వస్తే దిగి, సైకిలు భుజాన వేసుకుని పరుగెత్తాలి. పెద్ద పోటీల్లో టైరు వెడల్పు 33 మిల్లీమీటర్లు దాటకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, రైడరుకు రెండో సైకిలు సిద్ధంగా ఉంటుంది. బురద పట్టిన సైకిలును మధ్యలో ఇచ్చేసి కడిగినది తీసుకుంటాడు. మనకు మధ్యదారిలో సైకిలు కడిగి అందించేవాళ్లెవరూ ఉండరు.

అయినా ఈ రకం మామూలు రైడర్లకు నచ్చిందంటే కారణం ఉంది. బురద ఇరుక్కోకుండా ఫ్రేములో వదిలిన ఆ ఖాళీలోనే టూరింగ్ చేసేవాళ్లు, అంటే సామానుతో దూరాలు వెళ్లేవాళ్లు, లావు టైరు ఎక్కించారు, మడ్‌గార్డు బిగించారు. దీన్ని బాగా అర్థం చేసుకున్న సైకిలు సర్లీ అనే అమెరికా కంపెనీ క్రాస్-చెక్. స్టీలు ఫ్రేము, 42 మిల్లీమీటర్ల టైరు పట్టేంత చోటు, క్యారియర్‌కు, మడ్‌గార్డుకు రంధ్రాలు. వెనక చక్రం పట్టే చోటును రోడ్డు బైకు హబ్బూ (చక్రం మధ్య భాగం) పట్టేలా, మౌంటెన్ బైకు హబ్బూ పట్టేలా 132.5 మిల్లీమీటర్లు పెట్టారు. కొత్తది ఇప్పుడు తయారు కావడం లేదు. కానీ అమెరికాలో ఉన్న మనవాళ్లకు సెకండ్‌హ్యాండ్‌లో దొరికితే వదులుకోవద్దని చెప్తాను. ఒక ఇబ్బంది మాత్రం ఉంది. పెడల్ ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య దూరం 425 మిల్లీమీటర్లే. అదే కంపెనీ పూర్తి టూరింగ్ సైకిలు లాంగ్ హాల్ ట్రక్కర్‌కు 460. పెద్ద సంచులు తగిలిస్తే మడమ తగులుతుంది. చిన్న సంచులు కాస్త వెనక్కి జరిపి కట్టుకోవాలి.

ఇక గేర్లు. డబ్బు ఎక్కడ పెట్టాలో తేల్చేది ఇదే. పాత రేసు సైక్లోక్రాస్‌లలో ముందు చిన్న చైన్‌వీల్‌కు 36 పళ్లు, వెనక పెద్దదానికి 28 పళ్లు ఉండటం మామూలు. పెడల్ ఒక్క చుట్టు తిరిగితే సైకిలు 2.7 మీటర్లు కదులుతుంది. నిమిషానికి 60 చుట్లు తిప్పాలంటే గంటకు పది కిలోమీటర్ల దాకా వేగం ఉండాలి. దోమలపెంట దాటి కృష్ణ దగ్గరికి దిగాక శ్రీశైలం వైపు ఎక్కే మలుపుల్లో, పది కిలోల సామానుతో, ఎండలో ఆ వేగం ఎంతమందికి వస్తుంది? పెడల్ బరువెక్కుతుంది, మోకాళ్లు పట్టేస్తాయి, చివరికి దిగి తోసుకుంటూ నడవాలి. ముందు 30, వెనక 34 పళ్లుంటే అదే చుట్టుకు 1.85 మీటర్లే. గంటకు ఆరేడు కిలోమీటర్లతో నెమ్మదిగా, కూర్చునే ఎక్కేయొచ్చు. ఫ్రేములో కిలో బరువు తగ్గించడానికి వేలకు వేలు పోసేవాళ్లు ఈ లెక్క ఒక్కసారి వేసుకోవాలి.

క్యారియర్ ఎందుకు, ఫ్రేముకు బెల్టులతో కట్టే సంచులు వచ్చాయి కదా అనేవాళ్లున్నారు. తేలికైన సైకిలు పరుగులో ఉండే హుషారు వేరని కూడా అంటారు. నిజమే, ఒక్క రాత్రి ప్రయాణానికి ఆ సంచులు సరిపోతాయి. కానీ సీటు కింది సంచి నిండితే లేచి తొక్కినప్పుడల్లా అటూఇటూ ఊగుతుంది. ఆఫీసుకు లాప్‌టాప్, టిఫిన్ బాక్సు, వచ్చేటప్పుడు కూరగాయలు అందులో పట్టవు. జులైలో మడ్‌గార్డు లేకుండా వెళ్తే వీపు మీద బురద చారతో ఆఫీసులో అడుగుపెట్టాలి. నంద్యాల వైపు నల్లరేగడిలో తడి మీద తొక్కినవాళ్లకు ఇంకోటి కూడా తెలుసు. మన్ను పొరలు పొరలుగా టైరుకు అంటుకుని, ఖాళీ తక్కువైతే చక్రమే తిరగదు. పుల్లతో గీకి తీస్తే పది గజాలకు మళ్లీ మొదటికొస్తుంది.

పరిశ్రమ మాత్రం ఇంకో దారిన పోతోంది. స్పెషలైజ్డ్ కంపెనీ సైక్లోక్రాస్ బైకు క్రక్స్ 2021లో గ్రావెల్ (కంకర రోడ్ల) బైకుగా మారి 47 మిల్లీమీటర్ల టైరుకు చోటిచ్చింది, క్యారియర్‌కు మాత్రం చోటివ్వలేదు. ఖరీదైన రకం ఫ్రేము 725 గ్రాములేనని గొప్పగా ప్రకటించింది. మన పాలవాళ్ల సైకిలుకు క్యారియర్, స్టాండు, మడ్‌గార్డు ఎవరూ అడగకుండానే వచ్చేవి. ధర పెరిగేకొద్దీ అవన్నీ ఊడిపోవడం ఏం న్యాయం?

ప్రభుత్వాల చూపూ అలాగే ఉంది. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ తెరిచారు. పైన సోలార్ కప్పు, 16 మెగావాట్ల కరెంటు. మంచి పనే. కానీ అది పొద్దున్నే వెళ్లి తొక్కి వచ్చే చోటు. మెహదీపట్నం నుంచి గచ్చిబౌలికి ఉద్యోగానికి వెళ్లేవాడికి, కూలిపనికి సైకిలు మీద వెళ్లేవాడికి రోడ్డు మీద ఒక గీత కూడా దక్కలేదు. 2025 సెప్టెంబరులో సైకిళ్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. ధర తగ్గినంత మాత్రాన బస్సుల మధ్య తొక్కే టెన్షన్ తగ్గదు. సైకిలును వ్యాయామ వస్తువుగా చూసినంతకాలం దాని మీద మనిషి, మనిషితోపాటు సామాను వెళ్తాయన్న ఆలోచన షాపుకూ రాదు, మున్సిపాలిటీకీ రాదు.

కాబట్టి షాపుకెళ్లేటప్పుడు 5 మిల్లీమీటర్ల బోల్టు ఒకటి జేబులో వేసుకోండి. వెనక ఇరుసు దగ్గర, సీటు కింద గొట్టాల మీద, ముందు ఫోర్కు మీద పెట్టి తిప్పి చూడండి. ఎక్కకపోతే ఎంత డిస్కౌంట్ ఇచ్చినా వద్దనండి. ఎక్కితే ఫ్రేము అరకిలో ఎక్కువ బరువున్నా తీసుకుని, మిగిలిన డబ్బు 34 పళ్ల క్యాసెట్‌కు (వెనక గేరు చక్రాల గుత్తి), గట్టి క్యారియర్‌కు, రెండు మడ్‌గార్డులకు పెట్టండి.