సంతకం పెట్టే ముందు ఫీజెంతో అడగండి

ఇంట్లో పన్నెండో తరగతి పిల్లలున్న అమెరికా తెలుగువాళ్లకి నవంబర్ 1 రాత్రి ఎలా గడుస్తుందో ఒకరు చెప్పక్కర్లేదు. 2024లో అయితే దీపావళి కూడా అప్పుడే వచ్చిపడింది. బయట చిన్నపిల్లలు కాకరపువ్వొత్తులు కాలుస్తుంటే, లోపల డైనింగ్ టేబుల్ మీద ల్యాప్‌టాప్, పక్కన చల్లారిపోయిన టీ, 11:59 లోపు కాలేజీ దరఖాస్తు సబ్మిట్ కొట్టాలన్న టెన్షన్. ‘ఇందులో నేనెందుకమ్మా సంతకం పెట్టడం?’ అంటాడు తండ్రి. ‘అందరి పేరెంట్సూ పెడతారు నాన్నా, ఫార్మాలిటీ’ అంటుంది కూతురు. మా గొడవంతా ఆ ‘ఫార్మాలిటీ’ అన్న మాటతోనే.

అది ఎర్లీ డెసిషన్ ఒప్పందం. విద్యార్థి, తల్లి లేదా తండ్రి, స్కూల్ కౌన్సెలర్ సంతకాలు చేస్తారు. డిసెంబర్ మధ్యలో సీటొస్తే అక్కడే చేరతాం, మిగతా దరఖాస్తులన్నీ వెనక్కి తీసుకుంటాం అని దానర్థం. ఎంసెట్ వెబ్ ఆప్షన్లలో బోలెడన్ని కాలేజీలు వరసగా పెట్టుకుని, మొదటి విడతలో నచ్చింది రాకపోతే రెండో విడత చూసుకునే అలవాటున్న మనకి ఇది కొత్త. ఉన్నది ఒక్కటే ఆప్షన్, అదీ ముందే ఫ్రీజ్.

ఎందుకంత తొందరంటే, లెక్కలు ఊరిస్తాయి మరి. 2023 డిసెంబర్‌లో బ్రౌన్ యూనివర్సిటీ ఎర్లీ డెసిషన్‌లో నూటికి దాదాపు 14 మందిని తీసుకుంది, ఆ ఏడాది మొత్తం మీద చూస్తే నూటికి ఐదుగురే. వాట్సాప్ గ్రూపుల్లో తిరిగేది ఈ ముక్కే. ఇలా ముందు తీసుకునేవాళ్లలో కోచ్‌లు ఎప్పుడో ఎంచిపెట్టుకున్న ఆటగాళ్లు, పూర్వ విద్యార్థుల పిల్లలు కూడా ఉంటారన్నది మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చేయరు. లాభం అసలు లేదనం, 14కీ 5కీ మధ్య ఉన్నంత మాత్రం మామూలు పిల్లలకి ఉండదు.

కాలేజీకైతే లాభమే లాభం. సీటిచ్చినవాళ్లలో ఎంతమంది చేరతారో తెలియక పడే బాధ తప్పుతుంది, పైగా ఇంకో కాలేజీ ఆఫర్ చేతిలో లేని పిల్ల బేరమాడేదేముంది? తాంబూలాలు పుచ్చుకున్నాక పెట్టుపోతలు మాట్లాడుకున్నట్టే. ఇందులో అన్యాయం ఉందని వాళ్లకీ తెలుసు. హార్వర్డ్, ప్రిన్స్‌టన్ 2006లో ముందస్తు అడ్మిషన్లు ఆపేస్తామని ప్రకటించి, 2011లో మళ్లీ తెచ్చుకున్నాయి. వర్జీనియా టెక్ 2023లో ఎర్లీ డెసిషన్ ఎత్తేస్తే, 2025లో మిషిగన్ యూనివర్సిటీ కొత్తగా మొదలుపెట్టింది.

మనవాళ్లకి ఇంకో చిక్కుంది. మూడేళ్ల వయసులో ఫ్రిస్కోకో ఎడిసన్‌కో వచ్చి, చదువంతా అక్కడే చదివి, తెలుగు కన్నా ఇంగ్లిష్ బాగా వచ్చిన పిల్లకి కూడా ఉద్యోగ వీసా మీద వచ్చినవాళ్ల కుటుంబానికిచ్చే హెచ్-4 వీసా మీద ఉన్నంతకాలం ఫెడరల్ ప్రభుత్వ ఆర్థిక సాయం రాదు. చాలా ప్రైవేట్ కాలేజీలు ఆ అమ్మాయిని విదేశీ విద్యార్థి కిందే లెక్కేస్తాయి, అంటే హైదరాబాద్ నుంచి దరఖాస్తు పెట్టే పిల్లతో సమానం. విదేశీ విద్యార్థులు ఆర్థిక సాయం అడిగారా లేదా అన్నది కూడా చూసి సీటిచ్చే కాలేజీలే ఎక్కువ. అది చూడని కొద్దిపాటి కాలేజీల్లో హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ ఉన్నాయి, అవేమో ముందుగా దరఖాస్తు పెట్టినా చేరి తీరాలని కట్టిపడేయవు. మరి పేరున్న ప్రైవేట్ కాలేజీలో అన్ని ఖర్చులూ కలిపి ఏడాదికి 90 వేల డాలర్ల చుట్టుపక్కల అవుతోంది. నాలుగేళ్లకి ఎంతో గుణించుకోండి, ఊళ్లో ప్లాటు అమ్మినా సరిపోతుందో లేదో చూసుకోండి.

సాయం చాలకపోతే ఒప్పందం నుంచి బయటికి రావచ్చన్నది నిజమే. కానీ ఆ సంగతి తేలేది డిసెంబర్ మూడో వారంలో, మిగతా కాలేజీల గడువులేమో జనవరి మొదట్లో.

అందుకే మేం చెప్పేది సూటిగా ఇదీ: ఫీజు మొత్తం అప్పు లేకుండా కట్టగలిగినవాళ్లు, లేదా పౌరసత్వమో గ్రీన్ కార్డో ఉండి, కాలేజీ వెబ్‌సైట్లోని నెట్ ప్రైస్ క్యాలిక్యులేటర్‌లో (సాయం పోను మీ ఇంటికి ఎంత పడుతుందో అంచనా చెప్పేది) వచ్చిన అంకె చూసి సరే అనుకున్నవాళ్లు, అదీ పిల్లకి వేసవిలోనే ఆ కాలేజీ మీద మనసు పడి ఉంటేనే, సంతకం పెట్టండి. మిగతావాళ్లకి ఎర్లీ యాక్షన్ ఉంది. పర్డ్యూ, జార్జియా టెక్, ఇల్లినాయ్ లాంటి చోట్ల ముందే పెట్టొచ్చు, జవాబు ముందే వస్తుంది, మే 1 దాకా ఆలోచించుకోవచ్చు. పన్నెండో తరగతి మొదటి సెమిస్టర్ మార్కులు పెరిగేలా ఉన్నా, దరఖాస్తుతో పంపే వ్యాసం ఇంకా పచ్చిగా ఉన్నా జనవరి దాకా ఆగితే వచ్చే నష్టం తక్కువ.

డిసెంబర్‌లో ‘లేదు’ అని వస్తే ఏడుపులుంటాయి, అది వేరే సంగతి. జనవరి మొదట్లో ఎర్లీ డెసిషన్ 2 అని ఇంకో గడువుంది. క్రిస్మస్ సెలవుల్లో, దెబ్బ తిన్న మనసుతో, నవంబర్ దాకా ఇంట్లో పేరు కూడా ఎత్తని కాలేజీకి మళ్లీ అదే సంతకం పెట్టేస్తుంటారు. మొదటి సంతకం కన్నా ఈ రెండోదే మమ్మల్ని ఎక్కువ భయపెడుతోంది.